సంపూర్ణ మద్యనిషేధం మళ్లీ పెడితే ఏమవుతుంది?

తెలుగు రాష్ట్రాల్లో మళ్లీ సంపూర్ణ మద్యనిషేధం విధిస్తే పేదల ఇళ్లు నిజంగా బాగుపడతాయా, లేక ఖజానా ఖాళీ అయి నాటుసారా ఏరులై పారుతుందా అని మీరు అడిగారు. మీ ఊళ్లో మహిళలు బెల్టుషాపులు ఎత్తేయాలని ఆందోళన చేస్తున్నారనీ, వారికి ఏం సలహా ఇవ్వాలో తెలియడం లేదనీ కూడా రాశారు. ఆబ్కారీ శాఖలో చాలాకాలం క్షేత్రస్థాయిలో పనిచేసి విరమణ పొందినవాడిగా, 1995 నుంచి 1997 దాకా నిషేధం అమలును లోపలినుంచి చూసినవాడిగా నాకు తెలిసినంతలో మీరన్న రెండూ జరుగుతాయి. ఇళ్లలో మేలు మొదటి నెలల్లోనే కనబడుతుంది. నష్టం నెమ్మదిగా, ఏడాది తిరిగాక కమ్ముకొస్తుంది. మద్యం రాబడి మీద బతుకుతున్న ప్రభుత్వం ఆ ఆధారాన్ని ముందుగా తగ్గించుకోకుండా నిషేధం పెడితే, దానికి గడువు ఆర్థిక శాఖే నిర్ణయిస్తుంది. నేను ఇక్కడ వివరించదలచుకున్నది ప్రధానంగా ఈ ఒక్క విషయమే.

ఈ కథ 1995తో మొదలైందని చాలామంది అనుకుంటారు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో నిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 నాటికి అది మద్రాసు రాష్ట్రమంతటా అమల్లోకి వచ్చింది. ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ నిషేధం కూడా మనకు వారసత్వంగా వచ్చింది. దాన్ని ఎత్తివేయాలని ప్రభుత్వం వేసిన రామమూర్తి సంఘం సిఫారసు చేయడం, గౌతు లచ్చన్న నాయకత్వంలో గీత కార్మికులు ఉపాధి కోసం ఉద్యమించడం, చివరకు 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఈ వివాదం మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోవడం చరిత్రలో ఉన్నవే. నిజాం ఏలుబడిలో ఉండిన తెలంగాణ జిల్లాలకు ఆ నిషేధం ఎన్నడూ వర్తించలేదు. కల్లు, సారా కంట్రాక్టులు అక్కడ సర్కారు ఆదాయంలో మొదటినుంచీ భాగమే. ఒకే భాష మాట్లాడే రెండు ప్రాంతాల్లో తాగుడు అలవాట్లు ఇవాళ్టికీ ఎందుకు ఇంత వేరుగా ఉన్నాయో ఆలోచించేటప్పుడు ఈ పాత తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 ఏళ్లు దాటిన పురుషుల్లో మద్యం తాగుతామని చెప్పినవారు తెలంగాణలో 43 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం.

నెల్లూరు జిల్లా మహిళల సారా వ్యతిరేక ఉద్యమం దగ్గర కొంచెంసేపు ఆగాలి, ఎందుకంటే నిషేధం ఎప్పుడు నిలుస్తుందో తెలుసుకోవడానికి మన దగ్గరున్న అన్నిటికంటే మంచి ఉదాహరణ అదే. ఉమ్మడి రాష్ట్రంలో ఆబ్కారీ రాబడి 1970-71లో 39 కోట్లు. 1991-92 నాటికి అది 812 కోట్లకు చేరింది. ఈ పెరుగుదల దానంతటదే రాలేదు. ఏటా సారా పాటలు, అంటే అమ్మకం హక్కుకు వేలంపాటలు, జరిగేవి, పాట దక్కించుకున్న కంట్రాక్టరు కిస్తీ కట్టాలి, కట్టాలంటే అమ్మకం పెంచాలి, పెంచాలంటే ప్రతి గూడెంలో, ప్రతి పల్లెలో ఒక అమ్మకందారు ఉండాలి. 1980లలో ప్రభుత్వమే వారుణివాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో నింపి సరఫరా చేయడంతో ఆ పని మరింత సులువైంది. కూలివాడు పొలంనుంచి ఇంటికి చేరేలోపే ప్యాకెట్ చేతికందేది. డబ్బు లేకపోతే అప్పు రాసుకునేవారు. ఆ అప్పు వారం చివర కూలి డబ్బుల్లోంచి నేరుగా తెగేది, ఇల్లాలి చేతికి వచ్చేది మిగిలిందే.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడిలో కూర్చున్న ఆడవాళ్లు, సారా దుకాణాన్ని కలిసికట్టుగా మూయించిన ఒక స్త్రీ కథను తమ వాచకంలో పాఠంగా చదివారు. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం నిజంగానే జరిగింది. వర్ధినేని రోశమ్మ వంటి సామాన్య స్త్రీలు ముందు నడిచి దుకాణం మూయించారు. 1992లో జిల్లా కేంద్రంలో సారా పాటలను వేల మంది మహిళలు అడ్డుకుంటే, పాట మాటిమాటికీ వాయిదా పడింది. ప్రభుత్వం 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి. ఆ తర్వాతి ఎన్నికల్లో గెలిచిన ఎన్.టి.రామారావు 1994 డిసెంబరులో ప్రమాణస్వీకారం చేసి, 1995 జనవరి నుంచి విదేశీ తరహా మద్యంతో సహా అన్నిటినీ నిషేధించారు. కల్లుకు మాత్రం మినహాయింపు ఇచ్చారు.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. సారా నిషేధాన్ని ఊరి ఆడవాళ్లు అడిగి సాధించుకున్నారు, అందువల్ల దాని అమలుకు ప్రతి వాడలోనూ కాపలా ఉండేది. బ్రాందీ, విస్కీల నిషేధం ఎన్నికల వాగ్దానంగా పైనుంచి వచ్చింది, దాని అమలు మా శాఖ జీపుల మీద, చెక్‌పోస్టుల మీద ఆధారపడింది. మొదటిదాని చట్టం ఈనాటికీ చెక్కుచెదరలేదు, అధికారం చేపట్టిన ఏ పార్టీ కూడా సారా పాటలను తిరిగి తెచ్చే సాహసం చేయలేదు. రెండోది సుమారు రెండేళ్ల మూడు నెలలకే, 1997 ఏప్రిల్‌లో ముగిసిపోయింది.

సామాజికంగా కలిగిన మేలును తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించలేను. నిషేధం వచ్చిన మొదటి నెలల్లో పల్లెల్లో సాయంత్రాలు మారిపోయాయి. దెబ్బలు తిని అర్ధరాత్రి పక్కింటికి పరుగెత్తే ఆడవాళ్లు తగ్గారు. కిరాణా కొట్లో పాత బాకీలు తీరాయని కొట్టువాళ్లే చెప్పారు. నెల్లూరు జిల్లాలో సారా ఉద్యమం నుంచే 1993లో పొదుపులక్ష్మి పుట్టింది. రోజుకు రూపాయి చొప్పున దాచుకోవాలన్న ఆలోచన అది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలితే దాన్ని ఎక్కడ పెట్టాలో ఆ స్త్రీలకు ఒక దారి దొరికింది. తర్వాత రాష్ట్రమంతా విస్తరించిన డ్వాక్రా సంఘాలకు ఆ అలవాటు గట్టి పునాది వేసింది. మద్యనిషేధం ఆర్థిక ఫలితాలు అనగానే ఖజానా నష్టం ఒక్కటే లెక్కవేసేవారు ఈ పద్దును మరిచిపోతారు. నిషేధం ఎత్తేసిన తర్వాత కూడా పొదుపు సంఘాలు మిగిలాయి, బ్యాంకుల నుంచి అప్పులు తెచ్చుకున్నాయి, పిల్లలను చదివించాయి.

ఇక ఖజానా సంగతి. మనుషులు తాగడం మానేస్తే ఆ డబ్బు గాలిలో కలిసిపోదు. బియ్యం, బట్టలు, ఫీజులు, అప్పు తీర్చడం వంటి వేరే ఖర్చులకు మళ్లుతుంది. కాబట్టి రాష్ట్ర ఆర్థిక వ్యవస్థ మొత్తంగా కుంచించుకుపోతుందన్న భయం అతిశయోక్తే. ప్రభుత్వ రాబడి మాత్రం నిజంగానే కుంచించుకుపోతుంది. మద్యం సీసా ధరలో సింహభాగం పన్నులే. ఒక కూలి రోజుకు 150 రూపాయల క్వార్టరు తాగుతున్నాడనుకోండి, నెలకు 4,500 రూపాయలు అవుతుంది, అందులో సగానికి పైగా ప్రభుత్వానికి చేరుతుంది. అదే డబ్బుతో ఆ ఇంట్లో బట్టలు కొంటే ఐదు శాతం జీఎస్టీ పడుతుంది, అందులోనూ సగం కేంద్రానికి పోతుంది. జీఎస్టీ వచ్చిన తర్వాత రాష్ట్రాలకు సొంతంగా రేటు పెంచుకునే అవకాశమున్న పన్నులు చాలా కొద్దిగానే మిగిలాయి. తాగే మద్యం, పెట్రోలు, డీజిల్ వాటిలో ముఖ్యమైనవి. అందుకే 2017 తర్వాత ఏ రాష్ట్రానికైనా మద్యాన్ని వదులుకోవడం 1995లో కంటే కష్టమైంది.

1995లో జరిగింది చూడండి. ఒకవైపు కిలో రెండు రూపాయల బియ్యం పథకం నడుస్తోంది, మరోవైపు ఆబ్కారీ రాబడి ఒక్క దెబ్బతో పోయింది. ఆ లోటును ఎలా పూడ్చాలో ముందుగా ఏ ప్రణాళికా లేదు. 1995 సెప్టెంబరులో ప్రభుత్వం మారింది. 1996లో చంద్రబాబునాయుడు ప్రభుత్వం శ్వేతపత్రాలు విడుదల చేసి, బియ్యం ధరను 3.50 రూపాయలకు పెంచి, విద్యుత్ ఛార్జీలనూ పెంచింది. నిషేధం వల్ల రోజూ నాలుగు డబ్బులు మిగిలించుకుంటున్న ఇల్లాలే చౌకడిపోలో ఎక్కువ ధర కట్టవలసి వచ్చింది. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కున్నట్టయింది. ఆ స్థితిలో 1997లో నిషేధం ఎత్తేస్తే నెల్లూరులో లాంటి ప్రతిఘటన రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఈ రెండేళ్లలోనూ రాజ్యాంగపరంగా నిషేధానికి అడ్డంకి లేకపోయిందని కూడా చెప్పాలి. 1996లో మెక్‌డొవెల్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు మద్యం తయారీని నిషేధించే అధికారం రాష్ట్రానికి ఉందని తేల్చింది. మద్యనిషేధానికి ప్రయత్నించాలని చెప్పే రాజ్యాంగం 47వ అధికరణం ఎలాగూ ఉంది. చట్టం గెలిచినా బడ్జెట్ ఓడిపోయింది.

నిషేధం నిలవకపోవడానికి రెండో కారణం దొంగ సరుకు. ఉమ్మడి రాష్ట్రానికి చుట్టూ కర్ణాటక, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, ఒడిశా, తమిళనాడు సరిహద్దులు. వాటికి తోడు తూర్పుగోదావరి జిల్లా కడుపులో పుదుచ్చేరికి చెందిన యానాం. గోదావరి పాయ దాటితే చవక మద్యం దొరికే చోట ఎన్ని చెక్‌పోస్టులు పెట్టినా నిషేధం అమలు చేయడం ఎంత కష్టమో ఆ జిల్లాలో పనిచేసిన ఏ ఉద్యోగిని అడిగినా చెబుతాడు. పాలక్యాన్లలో, గ్యాస్ సిలిండర్లలో, కూరగాయల లారీల అడుగున సీసాలు వచ్చేవి. ఒకప్పుడు లైసెన్సుతో అమ్మి పన్ను కట్టిన వ్యాపారి స్థానంలో, పన్ను లేకుండా మామూళ్లు మాత్రమే ఖర్చుగా ఉన్న కొత్త వ్యాపారి తయారయ్యాడు. డబ్బు రాజకీయాల్లోకి, పోలీసు స్టేషన్లలోకి ఎలా పారుతుందో నేర్చుకున్న ఆ మనుషులు నిషేధం పోయిన తర్వాత కూడా పోలేదు. వారిలో చాలామంది బెల్టుషాపుల వ్యాపారంలోకి దిగారు.

నాటుసారా విషయం కొంచెం వివరంగా చెప్పాలి. బయటివారు ఊహించేదానికి, మేము చూసేదానికి తేడా ఉంది. ఒక మామూలు దాడిలో మాకు దొరికేది ఇంతే: వాగు ఇసుకలోనో, చెరకుతోట గట్టు కిందనో మెడ దాకా పాతిపెట్టిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, వాటిలో నాలుగైదు రోజులుగా నానుతున్న బెల్లం ఊట, నురగతో పైకి తేలిన తుమ్మచెక్క ముక్కలు, పక్కన పటిక మూట, కాస్త దూరంలో మూడు రాళ్ల పొయ్యి, మసిబారిన గుండిగ, దానిమీద పెట్టిన చల్లనీళ్ల గిన్నె. ఊటను పారబోసి, నమూనా సీసాలో పట్టి, పంచనామా రాసి, దొరికిన మనిషిని అరెస్టు చేస్తాం. నేరం మళ్లీ చేయనని తహసీల్దారు ఎదుట బైండోవర్ రాయించుకుంటాం. ఆ మనిషి చాలా సందర్భాల్లో సెంటు భూమి లేనివాడు, లేదా భర్త పోయిన ఆడమనిషి. బెల్లం, డ్రమ్ములు పెట్టుబడి పెట్టినవాడు ఆ చుట్టుపక్కల ఎక్కడా కనిపించడు. ఈ కేసులు నేటికీ 1995 నాటి మద్యనిషేధ చట్టం కిందే నమోదవుతున్నాయి. ఆ చట్టం రద్దయిపోయిందని అనుకునేవారికి ఈ సంగతి తెలియదు.

సారాను అరికట్టాలంటే బెల్లం మీద నిఘా పెట్టాలి. ఆ నిఘా చిత్తూరు, అనకాపల్లి, కామారెడ్డి వైపు బెల్లం వండుకునే రైతు మీద పడుతుంది. నల్లబెల్లం కొనుగోళ్ల మీద ఆంక్షలు వచ్చిన ప్రతిసారీ ధర పడిపోయి రైతులు రోడ్డెక్కారు. మేడారం జాతరలో అమ్మవార్లకు బంగారంగా సమర్పించే బెల్లం కొనడానికి సైతం 2024లో ఆధార్ వివరాలు అడిగారంటే ఈ గొలుసు ఎంత దూరం సాగుతుందో మీకు అర్థమవుతుంది.

కల్తీ మద్యం మరణాల గురించి ఒక అపోహ తొలగించాలి. బెల్లంతో కాచిన నాటుసారా ఆరోగ్యానికి చెడ్డదే, కానీ ఒకే రాత్రి పదుల మంది చనిపోయే దుర్ఘటనలకు సాధారణంగా కారణం అది కాదు. పరిశ్రమల్లో వాడే మిథైల్ ఆల్కహాల్‌ను దారి మళ్లించి నీళ్లు కలిపి అమ్మినప్పుడు అవి జరుగుతాయి. అది కాలేయంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు కంటిచూపు నరాన్ని, తర్వాత ప్రాణాన్ని తీస్తుంది. తాగిన వెంటనే ఏమీ తెలియకపోవడం, మరుసటి రోజు కళ్లు మసకబారడం దాని లక్షణం. 2009లో అహ్మదాబాద్‌లో నూటముప్పై మందికి పైగా, 2022 జులైలో బోటాద్ ప్రాంతంలో నలభై మందికి పైగా, అదే డిసెంబరులో బిహార్‌లోని సారణ్ జిల్లాలో డెబ్బై మందికి పైగా కల్తీ మద్యానికి బలయ్యారు. గుజరాత్, బిహార్ రెండూ నిషేధం అమల్లో ఉన్న రాష్ట్రాలే. నిషేధం ఉన్నచోట బాధితుడు ఆసుపత్రికి వెళ్లడానికి భయపడతాడు, కేసు పెడతారేమోనని కుటుంబం దాచిపెడుతుంది, ఆ గంటల ఆలస్యమే చాలామందిని చంపుతుంది. నిషేధం కోరేవారు ఈ నష్టానికి కూడా సమాధానం చెప్పగలగాలి. లైసెన్సు దుకాణాలున్న తమిళనాడులో 2024 జూన్‌లో కళ్లకురిచ్చిలో అరవై మందికి పైగా చనిపోయారు కాబట్టి, నిషేధం లేకపోతే ఇవి జరగవని కూడా ఎవరూ అనలేరు. చవకగా దొరికేది కావాలనుకునే పేదవాడు ఎక్కడున్నా ఈ ప్రమాదం అక్కడ ఉంటుంది.

అంతకంటే తక్కువగా చర్చకు వచ్చేది, నా దృష్టిలో చాలా ముఖ్యమైనది, అకస్మాత్తుగా మద్యం ఆగిపోయినప్పుడు దానికి బానిసలైనవారి శరీరానికి జరిగేది. రోజూ ఉదయం లేవగానే తాగే మనిషికి రెండు మూడు రోజులు మద్యం అందకపోతే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, లేనివి కనబడతాయి, మూర్ఛలు వస్తాయి, చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. 2015లో తెలంగాణలో కల్తీకల్లు మీద దాడులు పెరిగినప్పుడు, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్ కలిపిన కల్లుకు అలవాటుపడినవారు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు పిచ్చెక్కినట్టు ప్రవర్తిస్తూ వచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన వారంలోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి అలాంటి రోగులు వరస కట్టారు. అదే ఏడాది జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో, కరోనా కట్టడి వల్ల మద్యం దుకాణాలు మూసి ఉన్న రోజుల్లో, శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లను దుర్మార్గులుగా చూడడం నాకు నచ్చదు, వాళ్లు రోగులు. ఏ తేదీ నుంచి నిషేధం పెడుతున్నామో ప్రకటించే ప్రభుత్వం, ఆ తేదీకి ఎన్ని పడకలు, ఎంతమంది వైద్యులు సిద్ధంగా ఉన్నారో కూడా ప్రకటించాలి. మన దేశంలో ఏ నిషేధమూ ఆ పద్ధతిలో మొదలైనట్టు నేను చూడలేదు.

బిహార్ అనుభవాన్ని ఎవరికి కావలసినట్టు వారు వాడుకుంటున్నారు కాబట్టి రెండు వైపులా చెబుతాను. అక్కడ కూడా మహిళలే అడిగారు. 2016 ఏప్రిల్‌లో నితీశ్‌కుమార్ ప్రభుత్వం మూడు వేల కోట్లకు పైబడిన రాబడిని వదులుకుని పూర్తి నిషేధం తెచ్చింది. 2024లో లాన్సెట్ సంస్థ పత్రికల్లో ఒకదానిలో వెలువడిన అధ్యయనం, పొరుగు రాష్ట్రాలతో పోల్చి చూసి, నిషేధం వల్ల సుమారు 21 లక్షల మంది మహిళలు భర్తల చేతిలో హింసకు గురికాకుండా తప్పించుకున్నారని అంచనా వేసింది. తాగుతున్నానని ఒప్పుకోవడమే నేరమైన చోట సర్వే లెక్కలు కొంత తగ్గే అవకాశం ఉన్నా, హింస గురించి చెప్పింది స్త్రీలు కాబట్టి ఆ అంకెను నేను తేలిగ్గా తీసుకోను. రెండో వైపు చూస్తే, ఆ చట్టం కింద లక్షల మంది అరెస్టయ్యారు. మొట్టమొదట శిక్ష పడినవారు జహానాబాద్‌కు చెందిన, ముసహర్ అనే నిరుపేద దళిత కులానికి చెందిన ఇద్దరు కూలీలు, అన్నదమ్ములు. తాగినందుకు ఐదేళ్ల జైలు, తలా లక్ష రూపాయల జరిమానా. 2021 డిసెంబరులో విజయవాడలో మాట్లాడుతూ అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ, ముందుచూపు లేకుండా చేసిన చట్టాలకు బిహార్ నిషేధ చట్టాన్ని ఉదాహరణగా చూపి, దానివల్ల పాట్నా హైకోర్టు బెయిలు పిటిషన్లతో నిండిపోయిందన్నారు. 2022లో ప్రభుత్వమే సవరణ తెచ్చి, మొదటిసారి తాగి పట్టుబడినవారిని జరిమానాతో వదిలే వీలు కల్పించింది. భర్త చేతి దెబ్బ తప్పిన ఇల్లాలికి అతణ్ని బెయిలు మీద విడిపించుకోవడానికి పుస్తెలు తాకట్టు పెట్టే గతి పడితే మనం ఆశించిన న్యాయం అది కాదు.

గుజరాత్ గురించి చాలామంది అడుగుతారు. ఆ రాష్ట్రం 1960లో పుట్టినప్పటినుంచీ నిషేధం ఉంది, దానికి అలవాటుపడిన బడ్జెట్ ఉంది, రేవులు, పరిశ్రమల నుంచి వచ్చే పన్నులున్నాయి. మద్యం రాబడిని ఎన్నడూ రుచి చూడని ఖజానాను మన ఖజానాతో పోల్చడం కుదరదు.

ధర పెంచి తాగుడు తగ్గించే దారిని ఆంధ్రప్రదేశ్ 2019 తర్వాత ప్రయత్నించింది. జగన్మోహనరెడ్డి ప్రభుత్వం దశలవారీ నిషేధం పేరుతో ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి దుకాణాలను సర్కారు చేతిలోకి తీసుకుని, వాటి సంఖ్యను తగ్గించి, 2020 మే నెలలో ధరలను రెండు విడతల్లో 75 శాతం పెంచింది. అమ్మకాల సమయం తగ్గించడం, బెల్టుషాపులు మూయించడం మంచి చర్యలే. అయితే ఒక్కసారిగా అంత ధర పెంచేసరికి తెలంగాణ సీసాలు గరికపాడు చెక్‌పోస్టు వైపు, కర్ణాటక ప్యాకెట్లు అనంతపురం, కర్నూలు వైపు వచ్చాయి. నాటుసారా బట్టీలు మళ్లీ వెలిగాయి. తెలిసిన బ్రాండ్లు దొరకడం లేదన్న కోపం జనంలో పెరిగింది. దానికి మించి, భవిష్యత్తు మద్యం రాబడిని హామీగా చూపి రాష్ట్రాభివృద్ధి సంస్థ ద్వారా అప్పులు తెచ్చారు. రాబోయే పదేళ్ల మద్యం ఆదాయాన్ని నమ్ముకుని అప్పు చేసిన ప్రభుత్వం మద్యాన్ని నిషేధించగలదని నేనెన్నడూ నమ్మలేదు. 2024 అక్టోబరులో దుకాణాలు తిరిగి ప్రైవేటు చేతికి వెళ్లాయి.

మద్యం రాబడి మీద ప్రభుత్వాలు ఆధారపడడం ఎంత లోతుగా ఉందో తెలుసుకోవాలంటే దుకాణాల లైసెన్సుల లాటరీలను చూడండి. 2023లో తెలంగాణలో 2,620 దుకాణాలకు లక్షా ముప్ఫై వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తిరిగి ఇవ్వని రెండు లక్షల రుసుము రూపంలో, ఒక్క సీసా కూడా అమ్మకముందే, 2,600 కోట్లకు పైగా ఖజానాకు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 3,396 దుకాణాలకు సుమారు 90 వేల దరఖాస్తులు, దాదాపు 1,800 కోట్లు. ఇంత పోటీ పడి దుకాణం దక్కించుకున్నవాడు బెల్టుషాపు లేకుండా గిట్టుబాటు కాదనుకుంటాడు. 1992 నాటి సారా పాటల ఒత్తిడి పేరు మార్చుకుని అలాగే కొనసాగుతోంది.

కాబట్టి నా అభిప్రాయంలో రేపే సంపూర్ణ నిషేధం పెట్టమనడం పేద స్త్రీలకు మేలు చేయదు. ముందు చేయవలసిన పనులు వేరే ఉన్నాయి. మద్యం రాబడి ఏటా ఇంత పెరగాలని జిల్లా అధికారులకు లక్ష్యాలు పెట్టడం మానాలి. ఆ రాబడిలో పెరిగే భాగాన్ని రోజువారీ ఖర్చులకు, సంక్షేమ పథకాలకు ముడిపెట్టకుండా, వ్యసన చికిత్సకూ, సారా కాసే కుటుంబాల పునరావాసానికీ, గీత కార్మికుల ఉపాధికీ కేటాయించాలి. అలా అయిదారేళ్లు గడిస్తే, రాబడి తగ్గినా బియ్యం ధర పెంచవలసిన అవసరం రాని స్థితికి బడ్జెట్ చేరుతుంది. తాగినవాడిని జైలులో పెట్టే నిబంధన మాత్రం ఏ దశలోనూ ఉండకూడదు, శిక్ష పెట్టుబడిదారుకూ, స్పిరిట్ దారి మళ్లించేవాడికీ పడాలి. వీటన్నిటితో పాటు, ఏ ఊరికి ఆ ఊరు వద్దనుకునే హక్కు కావాలి. మహారాష్ట్రలో ఊరి మహిళలు ఓటు వేసి దుకాణం మూయించే నిబంధన ఉంది. చదువు రానివారి కోసం ఓటుపత్రం మీద నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా బొమ్మలు వేస్తారు. మన మైదాన ప్రాంతాల్లో అలాంటి హక్కు లేదు. ఏజెన్సీ గ్రామాల్లో మాత్రం 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల) చట్టం మత్తుపదార్థాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు ఇస్తోంది, దాన్ని వాడుకునేవారే తక్కువ.

మీ ఊరి మహిళలకు చెప్పవలసింది ఇది. బెల్టుషాపుకు అసలు లైసెన్సే ఉండదు, దాన్ని మూయించడానికి కొత్త చట్టం అక్కర్లేదు. గ్రామసభలో తీర్మానం చేయించి, పుస్తకంలో రాయించి, నకలు తీసుకోమనండి. ఏ ఇంట్లో, ఏ కొట్టులో అమ్ముతున్నారో, సీసాలు ఏ లైసెన్సు దుకాణం నుంచి వస్తున్నాయో రాసి, సీసా మీది లేబుల్ ఫొటోలతో సహా ఎక్సైజ్ సీఐకి, తహసీల్దారుకు, కలెక్టరేట్ ప్రజావాణిలోనో ప్రజా ఫిర్యాదుల దినంలోనో ఒకేసారి ఇచ్చి రసీదు తీసుకోవాలి. సీసా మీది హోలోగ్రామ్‌ను బట్టి ఆ సరుకు ఏ దుకాణానికి వెళ్లిందో శాఖ తెలుసుకోగలదు. కేసు బెల్టుషాపు నడిపే పేదవాడి దగ్గర ఆగకుండా లైసెన్సుదారు దాకా వెళ్లాలని ఫిర్యాదులోనే రాయించండి. ఒక్కరి పేరుతో కాకుండా పొదుపు సంఘాల సమాఖ్య పేరుతో ఇస్తే బెదిరింపులు తగ్గుతాయి. షాపు మూతపడే రోజుకు ముందే, ఊళ్లో పొద్దున్నే తాగనిదే చేతులు నిలవని మనుషులు ఎవరెవరో ఆశా కార్యకర్తతో కూర్చుని గుర్తించి, వాళ్లను ఏరియా ఆసుపత్రి వైద్యుడికి చూపించి మందులు మొదలుపెట్టించాలి. ఆ ఇళ్లవాళ్లకు 108 ఎప్పుడు పిలవాలో, ఏ లక్షణాలు చూస్తే ఆలస్యం చేయకూడదో వివరంగా చెప్పి ఉంచండి.